ఒంటి సన్నాయి

మా అన్నయ్య కోటయ్యకి ముందరి పళ్ళు కదులుతున్నాయన్న సంగతి మొదట పసిగట్టింది వాళ్ళావిడ పార్వతొదిన కాదు, తోడబుట్టిన నేనూ కాదు. మా ఆయన హనుమంతరావు. పసిగట్టి, ఎవరి దగ్గరా నోరు విప్పకుండా కడుపులో దాచుకున్నాడు. ఆయనకి అది చేతనవును. నాకు చేతకాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ నా చిన్నతనంలో రోజుకి పదిసార్లు చెప్పేది. చెప్పీ చెప్పీ ఆవిడ పోయింది కానీ, నా నోరు మాత్రం నాతోనే ఉండిపోయింది.

అరవై ఏడులో, ఎన్నికల గోల సద్దుమణిగాక వచ్చిన వేసవి అది. తెనాలి పక్కనున్న అంగలకుదురు మాది. మేళం వాళ్ళం. ఒకే దొడ్లో రెండిళ్ళు, నడుమ ఒక నుయ్యి. ఒక ఇంట్లో అన్నయ్య, వదిన. రెండో ఇంట్లో మా ఆయన, నేను. మా ఆయన నాకు మేనత్త కొడుకే. మా నాన్న ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి సన్నాయి నేర్పాడు. నాన్న పోయాక ఇద్దరూ జంటగా వాయించడం మొదలుపెట్టారు. అప్పటికి అన్నయ్యకి నలభై ఏడు, మా ఆయనకి ముప్ఫై మూడు.

జంట సన్నాయి అంటే ఇద్దరు మనుషులు కలిసి ఊదడం కాదు. పెద్దవాడు రాగం ఎత్తుకుంటాడు. చిన్నవాడు దాని కొసని అందుకుంటాడు. ఒకరు ఊపిరి పీల్చుకుంటే ఇంకొకరు నాదం కింద పడకుండా పట్టుకుంటారు. ఎక్కడ ఒకరు ఆపారో, ఎక్కడ ఇంకొకరు అందుకున్నారో వినేవాడికి తెలియకూడదు. అంత తెలియకుండా వాయించారు కాబట్టే వాళ్ళకి పేరొచ్చింది. అంత తెలియకుండా వాయించారు కాబట్టే ఆ పేరంతా ఒక్కడికే పోయింది.

ఆ యేడు రేడియోలో అరగంట వాయించి వచ్చారు. శ్రీరామనవమికి తెనాలి మోరిస్‌పేట పందిట్లో వాయిస్తే, జనం పందిరి చాలక ఎదుటి మేడల మీద నిలబడి విన్నారు. ఆ మర్నాటి నుంచి మా ఇంటికి మేళం కుదుర్చుకునే తాంబూలాలు రావడం మొదలైంది. ఆషాఢం వచ్చేదాకా ఒక్క ముహూర్తం ఖాళీ లేదు. బస్సు దిగినవాడల్లా "కోటయ్యగారి ఇల్లెక్కడండీ?" అని అడుగుతూ వచ్చేవాడు. హనుమంతరావుగారి ఇల్లెక్కడ అని అడిగినవాడు ఒక్కడు లేడు. గోడల మీద కాగితాలు అంటించినా 'అంగలకుదురు కోటయ్యగారి సన్నాయి మేళం' అనే ఉండేది. డోలు వాయించే బసవలింగం పేరు కింద చిన్నక్షరాల్లో పడిందొకసారి. మా ఆయన పేరు అట్లా కూడా పడలేదు. అసూయ అంటే అనండి. సొంత అన్న మీద అసూయేంటి అని అప్పట్లో నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటే పోయే జబ్బు కాదది.

వైశాఖంలో బాపట్లలో ఒక బట్టల వ్యాపారి కూతురి పెళ్ళి. పగటి ముహూర్తం. ఆ ఇంటి ముసలమ్మ పెళ్ళికి మా నాన్న వాయించాడట, అందుకని ఆడవాళ్ళని కూడా రమ్మని కబురు చేశారు. వదినా నేనూ వెళ్ళి ఆడవాళ్ళ వైపు కూర్చున్నాం. పెళ్ళికొడుకు రావడం ఆలస్యమైంది. అన్నయ్య తోడి రాగం ఎత్తుకున్నాడు.

నా ముందు కూర్చున్నావిడ పక్కావిడతో అంటోంది. "ఆ పెద్దాయన్ని చూశావా పిన్నీ? పై స్థాయిలోకి పోయి ఎట్టా నిలబడ్డాడో! ఆ వయసులో ఆ ఊపిరి ఎక్కణ్ణించి వస్తందో ఏంటో!"

"మరి ఆ పక్కనతనెవరే?"

"శ్రుతి పట్టేవాడయ్యుంటాడు."

నేనూరుకోలేదు. "శ్రుతి పట్టేవాడు కాదండీ. ఆయన రెండో సన్నాయి" అన్నాను.

"అట్టాగా అమ్మా? నీకేమవుతాడేంటి?"

"మా ఆయనండి."

ఆవిడ నన్ను జాలిగా చూసి నా చేతి మీద తట్టింది. "పోనీలేమ్మా. పెద్దాయన పక్కన కూర్చుంటే నాలుగు ముక్కలు ఒంటబడతాయి."

నాకు ఒళ్ళు భగ్గుమంది. కోపం దిగమింగుకోవడానికి కళ్ళు మూసుకున్నాను. మా నాన్న దగ్గర ఒక నియమం ఉండేది. సన్నాయి వినేటప్పుడు కళ్ళు మూసుకోవాలి. వాయించేవాడి బుగ్గలు చూస్తూ కూర్చుంటే పాట వినపడదు, బుగ్గలే వినపడతాయి అనేవాడు. మా ఇంట్లో పుట్టిన వాళ్ళందరికీ అదే అలవాటు. అన్నయ్య ఊదితే నాదానికి అంచున కాస్త జీర ఉంటుంది. మా ఆయనది నున్నటి నాదం, ఆపే ముందు కొద్దిగా ఉబ్బి ఆగుతుంది. వాకిలి ఊడుస్తూ విన్నా ఏది ఎవరిదో చెప్పగలను. ఆ పూట తోడి పైకి వెళ్ళింది, వెళ్ళి అక్కడే నిలిచి తిరుగుతోంది. జీర లేదు. ఎంత వెతికినా లేదు.

కళ్ళు తెరిచాను. అన్నయ్య బుగ్గలు పూరించి, మెడ నరాలు ఉబ్బించి, తల ఊపుతున్నాడు. వినిపిస్తున్న నాదం మాత్రం మా ఆయనది. ముందున్నావిడ "ఆహా పెద్దాయనా!" అంటోంది. పక్కన వదిన ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూపులు చూస్తోంది. ఆమెకి తెలుసని అప్పుడు నాకు తెలిసింది.

పెళ్ళివారు పెట్టిన జీడిపప్పు పొట్లం అన్నయ్య తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వు తినవే అమ్మడూ. నాకీమధ్య పడటం లేదు" అన్నాడు. పెళ్ళయి పదేళ్ళయినా నన్ను అమ్మడూ అనే పిలిచేవాడు. ఆ పొట్లం పుచ్చుకుని మొహం పక్కకి తిప్పుకున్నాను.

మర్నాడు పొద్దున మా ఆయన అరుగు మీద కూర్చుని సన్నాయి తుడుస్తున్నాడు.

"నిన్న బాపట్లలో పై స్థాయి ఎవరిది?" అన్నాను.

"ఎవరిదేంటి? ఇద్దరిదీ."

"నాకు కథలు చెప్పమాక. నేనూ మేళం ఇంట్లోనే పుట్టా."

నూతి దగ్గర వదిన బిందె తోముతోంది. ఆమె లోపలికి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు. "మీ అన్నయ్యకి ముందరి పళ్ళు కదులుతున్నయ్యే. సన్నాయి కొసన పీకని పెదాలతో బిగించి పట్టలేడు. కింద స్థాయి ఎట్టాగో నెట్టుకొస్తాడు. పైకి పోతే పెదవి జారుతుంది."

"తెనాల్లో పళ్ళ డాక్టరుకి చూపించుకోవచ్చుగా?"

"చూపిస్తే పీకేస్తానంటాడు. ముందరి పళ్ళు లేకపోతే ఇంక సన్నాయి ఎక్కడిది?"

"నీకు ఆయనే చెప్పాడా?"

"లేదు."

"నువ్వడిగావా?"

"ఎట్టా అడగనే? ఫాల్గుణంలో ఒక పెళ్ళిలో ఆయన ఆగిపోయాడు. నేనందుకున్నా. ఆయన నా వంక చూశాడు, అంతే. అప్పట్నించీ అట్టా జరిగిపోతంది."

"అంటే పేరు ఆయనది, ఊపిరి నీది."

"అట్టా కాదే."

"మరెట్టా?"

ఏదో చెప్పబోయాడు. చేతులు రెండూ పైకెత్తి, వేళ్ళు కాసేపు గాల్లో ఆడించి, మళ్ళీ దించేసుకున్నాడు. ఆయనకి మాటలు చేతకావు. నోట్లో నాలుక లేని మనిషి. "నీకు చెప్పినా అర్థం కాదులే" అన్నాడు చివరికి. "ఈ సీజను గట్టెక్కనీ. ఆషాఢంలో నేనే మెల్లగా మాట్లాడతా. అందాకా ఈ మాట గడప దాటకూడదు. ఒట్టెయ్యి."

ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను.

ఆ తర్వాత నా కళ్ళు ఊరుకోలేదు. వదిన అన్నయ్యకి అన్నం మెత్తగా పిసికి పెట్టేది. వేపుడు చేస్తే ఆయన కంచంలో వేసేది కాదు. "మీ అన్నయ్యకి కడుపులో మంటమ్మా" అనేది. మా ఆయన పక్క పీట మీద కూర్చుని, తనకీ ఆ పిసికిన అన్నమే పెట్టమనేవాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పథ్యం తిన్నట్టు తినేవాళ్ళు, ఆ సంగతి మాత్రం ఎత్తేవాళ్ళు కాదు. మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరికీ తెలియదు. ఈ మర్యాద చూస్తే నాకు వెర్రెత్తేది. ఊరి పెళ్ళిళ్ళన్నీ నా మొగుడి ఊపిరి మీద నడుస్తుంటే, ఆయన శ్రుతి పట్టేవాడిగా మిగిలిపోయాడన్నదొక్కటే నాకు కనపడింది.

జ్యేష్ఠంలో రేపల్లె నుంచి వెంకట్రామయ్యగారు కారులో వచ్చాడు. బియ్యం మిల్లు ఉంది ఆయనకి. సంగీతం అంటే ప్రాణం, పెద్దరికం అంటే ఇంకా ప్రాణం. కోటయ్యగారికి రేపల్లెలో సన్మానం చేస్తామనీ, బిరుదు ఇస్తామనీ, శాలువా కప్పుతామనీ చెప్పాడు. అన్నయ్య తల వంచుకుని విన్నాడు. మా ఆయన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. వెంకట్రామయ్యగారు ఆయన వైపు తిరిగి, "నువ్వు కూడా వస్తావుగా అబ్బాయ్? పక్కనుంటే పెద్దాయనకి కాస్త ఆసరా" అన్నాడు.

"మా బావ లేకుండా నేనెక్కడికీ రానండి" అన్నాడు అన్నయ్య.

రానండి అన్నాడు కానీ, అతని పేరు కూడా వెయ్యండి అనలేదు. ఆ మాట కోసం నేను తలుపు చాటున ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అన్నయ్య పెదవులు ఒకసారి కదిలాయి కూడా. అంతలో వదిన టిఫినూ కాఫీలూ తెచ్చింది.

టిఫిన్ తిన్నాక వెంకట్రామయ్యగారు చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వచ్చాడు. నేను చెంబుతో నీళ్ళు పోశాను.

"అదృష్టవంతురాలివమ్మా. ఆ వాయిద్యం రోజూ ఇంట్లోనే వింటున్నావు" అన్నాడు.

"పై స్థాయి మా అన్నయ్యది కాదు బాబాయిగారూ" అన్నాను.

"ఏంటమ్మా?"

"ఆయనకి పళ్ళు కదులుతున్నయ్యండి. మూడు నెలల్నించీ వాయిస్తంది మా ఆయన. కాగితం మీద ఆయన పేరు కూడా వేయిస్తే బాగుంటదని."

"అట్నా" అన్నాడు. తువ్వాలు అందుకుని వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "నువ్వు చెప్పావని ఎవరితోనూ అననులే అమ్మా. ఆ మాట మీద ఉంటా."

మాట మీదే ఉన్నాడు, అది మాత్రం చెప్పాలి. కారు వెళ్ళిపోయింది. నేను చెంబు బోర్లించి లోపలికి వచ్చి పప్పు పొయ్యి మీద పెట్టాను. భయం వెయ్యలేదు. తేలిగ్గా అనిపించింది. అన్నయ్యని దించాలని చెప్పలేదు నేను. నా మొగుడి పేరు ఒక్కసారి అచ్చులో చూడాలని చెప్పాను. వారం తర్వాత కరపత్రాలు వచ్చాయి. కోటయ్యగారి పేరు ఇంత లావున ఉంది. మా ఆయన పేరు లేదు. వెంకట్రామయ్యగారు నా మాట చెవిన పెట్టలేదనుకుని, ఆయన్ని మనసులో నాలుగు తిట్టి ఊరుకున్నాను.

జ్యేష్ఠం ఆఖర్న ఒక ఆదివారం. మధ్యాహ్నం పాసింజరులో అందరం రేపల్లె వెళ్ళాం. ఊరి మైదానంలో పందిరి వేశారు. పెనుమూడి నుంచి, ఏటి ఒడ్డు ఊళ్ళ నుంచి, ఇటు సముద్రం వైపు పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు జనం. ఎండ ఇంకా తగ్గలేదు. అన్నయ్య పట్టుపంచె కట్టుకున్నాడు. మా ఆయన అన్నయ్యకి ఎడమ పక్కన ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. మేం ఇద్దరం ముందు వరసలో, ఆడవాళ్ళ వైపు.

వెంకట్రామయ్యగారు మైకు ముందుకి వచ్చి చాలాసేపు పొగిడాడు. పొగిడి, అన్నయ్య వైపు తిరిగి చేతులు జోడించాడు. "తప్పుగా అనుకోమాకండి కోటయ్యగారూ. ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలు అనుకుంటున్నారు. అయ్యి నేను నమ్మను. మీరొక్కరే ఒంటి సన్నాయి మీద తోడి పది నిమిషాలు వాయించారంటే అందరి నోళ్ళూ మూతబడతయ్యి. ఆ తర్వాత శాలువా నేనే కప్పుతా."

జనం చప్పట్లు కొట్టారు. ఆ నాలుగు మాటలూ ఊళ్ళోకి ఎవరి నోటి నుంచి వెళ్ళాయో వెంకట్రామయ్యగారికి గుర్తున్నట్టు లేదు. నిజం చెప్పాలంటే ఆయనకి చెడుబుద్ధి లేదు. ఆయన ముచ్చటకి ఆయన పరీక్ష పెట్టాడు.

అన్నయ్య ఎడమ పక్కకి తిరిగి మా ఆయన్ని చూశాడు. కోపంగా కాదు. దారిలో పోతూ పరిచయం ఉన్న మొహమా కాదా అని చూసినట్టు చూశాడు. మా ఆయన తల అడ్డంగా ఊపాడు. "బావా, నేను..." అన్నాడు.

"నువ్వాగు" అన్నాడు అన్నయ్య.

సన్నాయి ఎత్తాడు. కింద స్థాయిలో తోడి మొదలైంది. జీర వినపడింది. ఆ జీర ఒంటిగా విని ఎన్నాళ్ళయిందో నాకు. నాన్న బతికి ఉన్నప్పుడు పొద్దున్నే దొడ్లో వినపడిన జీర. నాకు ఏడుపొచ్చింది. పైకి వెళ్ళకన్నయ్యా, అక్కడే ఉండు, అని లోపల్లోపల మొక్కుకున్నాను. తోడి కింద ఎంతసేపని తిరుగుతుంది? పైకి వెళ్ళాడు. పెదవి జారింది. సన్నాయి కీచుమంది. వెనక ఎక్కడో ఎవరో నవ్వారు. మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ జారింది. మూడోసారి గాలి తప్ప నాదం రాలేదు.

పీక తీసి చాప మీద పెట్టాడు. పైగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. లేచి మైకు దగ్గరికి వచ్చాడు.

"అయ్యా, మూడు నెలల్నించీ మీరు విన్నది మా బావ హనుమంతరావు వాయిద్యం. ఆ శాలువా అతనిది."

జనానికి దణ్ణం పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వదిన నా వంక చూడకుండా లేచి ఆయన వెనకాలే వెళ్ళింది.

వెంకట్రామయ్యగారికి ఏం చెయ్యాలో తోచలేదు. చేతిలో శాలువా ఉంది. తీసుకెళ్ళి మా ఆయనకి కప్పాడు. "హనుమంతరావుగారూ, మీరు కానివ్వండి" అన్నాడు. మైకులో నా మొగుడి పేరు 'గారు'తో సహా వినపడింది. ఇన్నాళ్ళూ నాకు కావలసింది అదే. అదే వచ్చింది.

మా ఆయన లేచి అన్నయ్య వెనకాల పరిగెత్తబోయాడు. నలుగురు పట్టుకుని కూర్చోబెట్టారు. సన్నాయి ఎత్తాడు. నాదం గంటలా వచ్చింది. పై స్థాయికి ఒక్క ఊపులో వెళ్ళి నిలబడ్డాడు. జనం ఆహా అన్నారు. నేను కళ్ళు మూసుకోబోయి, ఎందుకో మూసుకోలేదు. ఆయన కుడి పక్కకి చూస్తున్నాడు. అక్కడ ఖాళీ చాప ఉంది. రాగంలో ఒక సంగతి వేశాడు, మళ్ళీ పక్కకి చూశాడు. అదే సంగతి మళ్ళీ వేశాడు. మూడోసారీ అదే. బసవలింగం డోలు మీద ఏవేవో జతులు వేసి దారి చూపించబోయాడు. మా ఆయన ఎక్కడికీ కదల్లేదు. ఉన్నచోటే తిరిగి తిరిగి అక్కడికే వచ్చాడు. పావుగంట అయ్యేసరికి వెనక వరసలు లేవడం మొదలుపెట్టాయి. బళ్ళు కట్టుకుంటున్న ఎడ్ల గంటలు వినపడ్డాయి. ఆయన మంగళం వాయించేసి, శాలువా మడిచి చాప మీదే పెట్టేసి దిగి వచ్చాడు.

స్టేషనుకి నడుస్తుంటే అన్నాను. "అంత ఊపిరి ఉండి, ఏంటయ్యా ఒక్కచోటే తిరిగావు?"

"వేళ్ళు లేవే" అన్నాడు.

"ఏ వేళ్ళు?"

"మీ అన్నయ్య వేళ్ళు. ఆయన ఊదకపోయినా వేళ్ళు కదిలిస్తానే ఉంటాడు. ఏ సంగతి వెయ్యాలో, ఎక్కడ తిరగాలో అన్నీ ఆ వేళ్ళే చెప్తయ్యి. నేను ఆ వేళ్ళు చూసి ఊదేవాణ్ణి. రాగం ఎప్పుడూ ఆయనదే. నాది గాలి."

నేను నడవడం ఆపేశాను. ఆ రోజు అరుగు మీద ఆయన చేతులెత్తి చూపించబోయింది ఇదన్నమాట. బాపట్లలో రెండు గంటలు కూర్చుని విన్నాను. కళ్ళు మూసుకుని విన్నాను, కళ్ళు తెరిచి బుగ్గలు చూశాను. వేళ్ళు చూడలేదు. దారిన పోయేవాడు కూడా చూడగలిగింది మేళం ఇంట్లో పుట్టిన నేను చూడలేదు.

"ఎవరికి చెప్పావు?" అన్నాడు మా ఆయన.

"వెంకట్రామయ్యగారికి."

ఆయన తల తిప్పుకుని స్టేషను వైపు నడిచాడు. అన్నయ్యా వదినా ఒక పెట్టెలో, మేం ఇంకో పెట్టెలో ఎక్కి తెనాలి వచ్చాం.

ఆ తర్వాత రెండు వారాలు దొడ్లో సన్నాయి మోగలేదు. ఒప్పుకున్న పెళ్ళిళ్ళకి వేరే మేళాల్ని పంపించేశారు. మా ఆయన మూడుసార్లు అన్నయ్య గుమ్మం దాకా వెళ్ళాడు. అన్నయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పళ్ళ సంగతి వదిన కాక పసిగట్టింది మా ఆయన ఒక్కడేనని అన్నయ్య లెక్క. నాకు తెలుసని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"నేను కాదు అని ఒక్క మాట అనొచ్చుగా!" అన్నాను మా ఆయనతో.

"కాదంటే, మరెవరని అడుగుతాడు."

"అడిగితే అడగనీ."

"ఆయనకి ఉన్నది నువ్వొక్కదానివే" అన్నాడు.

అంత మంచితనం ఎవరడిగారు ఈయన్ని? నాలుగు తిట్టొచ్చు, చెంప మీద ఒక్కటి వెయ్యొచ్చు, పుట్టింటికి పొమ్మనొచ్చు. పుట్టిల్లు నుయ్యి అవతలే ఉంది. ఏదీ చెయ్యలేదు. ఆ మంచితనంతో నా గొంతు నొక్కేశాడు.

ఆషాఢం రెండో వారంలో అన్నయ్య బండి తెప్పించాడు. పెనుమూడిలో వదిన పుట్టింటివాళ్ళ కొట్టం ఒకటి ఖాళీగా ఉంది, అక్కడికి. మంచాలు, బిందెలు, నాన్న ఫొటో బండి మీదికి ఎక్కాయి. మా ఆయన నూతి దగ్గర చేదతో నీళ్ళు తోడుతున్నాడు. అన్నయ్య నా దగ్గరికి వచ్చాడు. పదిహేను రోజుల్లో పదేళ్ళు మీద పడ్డట్టున్నాడు.

"అమ్మడూ, నిన్నొకటి అడుగుతా. నా దగ్గర నువ్వు అబద్ధం ఆడవు. వెంకట్రామయ్యగారికి చెప్పింది మీ ఆయన కాదని ఒక్క మాట అను. ఈ సామాను ఇప్పుడే దింపించేస్తా."

నూతి దగ్గర చేద చప్పుడు ఆగింది. మా ఆయన ఇటు చూడలేదు కానీ వింటున్నాడు. వదిన బండి చక్రం పట్టుకుని వింటోంది. కాదు అనాలి. అంటే ఆ తర్వాత మాట కూడా అనాలి. ఆ తర్వాత మాట అన్నాక అన్నయ్య నన్ను ఏ కళ్ళతో చూస్తాడో అనుకుంటే, రేపల్లెలో మా ఆయన్ని చూసిన చూపే నాకు గుర్తొచ్చింది.

"నాకేం తెలుసు అన్నయ్యా" అన్నాను.

అన్నయ్య తలూపాడు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి నిమిరి, వెళ్ళి బండెక్కాడు. మా ఆయన చేద నూతిలోకి వదిలాడు.

మా ఆయన్ని ఒంటి సన్నాయి కచేరీకి మళ్ళీ ఎవరూ పిలవలేదు. చేబ్రోలు వైపు ఒక మేళంలో రెండో సన్నాయిగా చేరాడు. వాళ్ళు ఎత్తుకున్నదాన్ని అందుకోవడమే పని. బాగా అందుకుంటాడని పేరు.

దీపావళి వెళ్ళిన రెండో రోజు భగినీ హస్తభోజనం. అన్నదమ్ములు తోబుట్టువుల ఇంటికి వెళ్ళి, వాళ్ళ చేతి అన్నం తిని, చీర పెట్టే రోజు. అన్నయ్య మా గడప తొక్కనన్నాడు కాబట్టి నేనే పెనుమూడి వెళ్ళాను. వదిన పొయ్యి మీద నేనే వండాను. అప్పటికి ముందరి పళ్ళు తీయించేసుకున్నాడు. అన్నం మెత్తగా పిసికి, పప్పు కలిపి పెట్టాను. తిన్నాడు. తిని, చీర నా చేతిలో పెట్టి, "ఆ మనిషితో ఎట్టా వేగుతున్నావో తల్లీ. నీ మంచితనం కాబట్టి సరిపోయింది" అన్నాడు. ఏటేటా అదే మాట. ఎనిమిదేళ్ళు వెళ్ళాను, ఎనిమిది చీరలు పెట్టాడు. తొమ్మిదో ఏడు దీపావళికి ముందే పోయాడు.

ఇచ్చిన ప్రతి చీరా అక్కడే కట్టుకుని, ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి, సాయంత్రం బస్సుకి ఇంటికి వచ్చేదాన్ని. మా ఆయన అరుగు మీద కూర్చుని ఉండేవాడు. నా ఒంటి మీద చీర వంక ఒకసారి చూసి, "బాగా తిన్నాడా?" అని మాత్రం అడిగేవాడు.